పిలకాయల వెనక నడవడం

  ఈ సభ జరిపిస్తున్న ధర్మనిధి ఎవరి జ్ఞాపకంగా ఏర్పడిందో ఆ టీచరమ్మ జీవితమంతా చిన్నపిల్లల బడిలోనే గడిపారు. సభలో తన పేరెత్తి పొగడవద్దని, పిల్లలతో పనిచేసేవాళ్లకు అక్కరకొచ్చే మాట ఏదైనా చెప్పించమని ఇంట్లోవాళ్లకు చెప్పి వెళ్లారు. ఆవిడ కోరినట్టే నేరుగా విషయంలోకి వస్తాను.

పిల్లను కౌన్సెలర్ దగ్గరికి తీసుకొచ్చే వేళకు ఇంట్లో ప్రశ్నలన్నీ అయిపోయి ఉంటాయి. ఎందుకు చదవవు? తమ్ముణ్ణి ఎందుకు కొరికావు? ఎనిమిదేళ్లొచ్చాక పక్క తడపడమేమిటి? సోమవారం పొద్దున్నే కడుపునొప్పి ఎందుకొస్తుంది? అమ్మ అడిగింది, అవ్వ అడిగింది, బడిలో మిస్ అడిగింది. చెప్పగలిగినదైతే ఆ పిల్ల ఎప్పుడో చెప్పేసేది. ఇప్పుడు ఇంకో కొత్త మనిషి బల్లకు అటువైపు కూర్చుని అవే ప్రశ్నలు మెత్తని గొంతుతో అడిగితే కొత్తగా వచ్చేదేముంటుంది? తల వంచుకుంటుంది. లేదంటే మనకు నచ్చే జవాబేదో వెతికి చెబుతుంది. ఈ రెండోదే ఎక్కువ ప్రమాదం. దాన్ని మనం ఫైల్లో రాసుకుంటాం.

అదే పిల్లను చాప మీద కూర్చోబెట్టి, మనం ఇక్కడ చొప్పు సామాన్లంటామే, ఆ చిన్న చెక్క గిన్నెలు, రెండు బొమ్మలు, కాసింత ఇసుక ముందు పెట్టి మనం నోరు మూసుకుంటే పది నిమిషాల్లో ఏదో ఒకటి మొదలవుతుంది. అన్నం ఉడుకుతుంది. ఒక బొమ్మకు అన్నం పెట్టరు. ఒక బొమ్మ ఇసుకలో మునిగిపోతుంది. ఆరేళ్ల పిల్లకు తన లోపలి సంగతిని మాటల్లో పెట్టే శక్తి ఇంకా రాలేదు. ఆడగల శక్తి మాత్రం నిండుగా ఉంది. ప్లే థెరపీ మొత్తం ఈ ఒక్క సంగతి మీద నిలబడింది. కౌన్సెలర్ నేర్చుకోవలసిన విద్యలన్నీ కూడా చివరికి ఒక్కచోటికే చేరతాయి: పిల్ల ముందు నడుస్తుంటే మనం వెనక నడవడం.

తమిళనాడులోని మన తెలుగిళ్లలో ఇది ఇంకా కష్టం. ఎందుకో చెబుతాను. 1529లో విశ్వనాథ నాయకుడితో మదురైలో నాయకరాజుల పాలన మొదలైంది. దానికి ముందూ వెనకా వచ్చి స్థిరపడినవాళ్లం మనం. నల్లరేగడి నేలల్లో వ్యవసాయం చేసుకున్న కమ్మవారు, రెడ్లు, బలిజలు, దేవరాట్టం ఆడే రాజకంబళం వాళ్లు, మగ్గం నేసే దేవాంగులు, నగరాలను శుభ్రం చేసే అరుంధతీయులు. కోయంబత్తూరు వైపు 1910లో కుప్పుస్వామి నాయుడి లక్ష్మీ మిల్లు, 1926లో పీయస్‌జీ ధర్మసంస్థ, జి.డి. నాయుడి బస్సులు, మోటార్లు. 2011 జనాభా లెక్కల్లో తమిళనాడులో తెలుగు మాతృభాష అని రాయించుకున్నవాళ్లు 42 లక్షలకు పైనే. ఇన్ని వందల ఏళ్లు వేరే భాష నడుమ నిలబడడానికి మనం చేసిన పని పిల్లల్ని దిద్దడం. ఇంట్లో తెలుగు తప్పితే అవ్వ దిద్దుతుంది. వీధిలో తమిళం తేడాగా పలికితే తోటిపిల్లలు నవ్వుతారు. బడిలో ఇంగ్లీషు తప్పితే మిస్ దిద్దుతుంది. 2006లో వచ్చిన తమిళ అధ్యయన చట్టంతో ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరై, ఏడాదికొక తరగతి చొప్పున పదో తరగతిదాకా వెళ్లింది. ఇంట్లో మాట్లాడే భాషను చాలామంది పిల్లలు పలకమీద ఎన్నడూ రాయలేదు. ఆ చట్టం మంచిచెడ్డలు ఈ సభ విషయం కావు. మూడు భాషల్లోనూ ఎవరో ఒకరు దిద్దుతూ ఉంటే, ఎవరూ దిద్దని ముప్పావుగంట ఆ పిల్లకు వారంలో ఎక్కడ దొరుకుతుందన్నది నా ప్రశ్న.

ప్లే థెరపీ అనే ఈ విద్య వచ్చిన దారి కొంచెం చెప్పుకోవాలి. 1928లో లండన్‌లో మార్గరెట్ లోవెన్‌ఫెల్డ్ అనే వైద్యురాలు పిల్లల కోసం చిన్న క్లినిక్ తెరిచి, రేకు తట్టల్లో ఇసుక పోసి, చుట్టూ చిన్న చిన్న బొమ్మలు పెట్టారు. పిల్లలు అందులో కట్టుకున్నదాన్ని వాళ్లే ‘ప్రపంచం’ అన్నారు. మనోవిశ్లేషకురాలు మెలనీ క్లైన్ పిల్లల ఆటకు లోపలి అర్థాలు చెప్పేవారు. అన్నా ఫ్రాయిడ్ ఆటను పిల్లతో స్నేహం కలుపుకోవడానికి వాడేవారు. ఆ రెండు దారులూ కాకుండా మూడోదారి వేసినది వర్జీనియా ఆక్స్‌లైన్. ఆమె మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్‌తో కలిసి పనిచేసినావిడ. 1947లో వచ్చిన ఆమె పుస్తకంలో ఎనిమిది సూత్రాలున్నాయి. పిల్లతో వెచ్చని చనువు ఏర్పరచుకోవాలి, పిల్ల ఎలా ఉందో అలాగే ఒప్పుకోవాలి, తన సమస్య తాను తేల్చుకోగలదని నమ్మాలి, దారి పిల్లే చూపాలి, తొందరపెట్టకూడదు, తప్పనిసరి హద్దులు మాత్రమే పెట్టాలి. మిగతావీ ఈ తోవలోనివే. టెక్సస్‌లో గ్యారీ ల్యాండ్రెత్ ఈ సూత్రాలను రోజువారీ పనికి పనికొచ్చే నైపుణ్యాలుగా మలిచి తరాల కౌన్సెలర్లకు నేర్పారు.

ఇదంతా దొరల దేశపు సరుకు కదా అని ఒక పెద్దాయన ఈమధ్య నన్నడిగారు. మన దేశంలో పిల్లల కోసం మొదటి చైల్డ్ గైడెన్స్ క్లినిక్ 1937లోనే బొంబాయిలో టాటా వారి సోషల్ వర్క్ విద్యాలయంలో మొదలైంది. గుజరాత్‌లో గిజుభాయి బధేకా పిల్లల్ని కొట్టకుండా, ఆటపాటలతో బడి నడిపి చూపించారు. మన చలం ‘బిడ్డల శిక్షణ’ రాశారు. పిల్లల మీద పెద్దల అధికారాన్ని తెలుగులో అంత సూటిగా నిలదీసినవాళ్లు తక్కువ. మద్రాసు రేడియోలో న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు అన్నయ్య, అక్కయ్యలై పిల్లల గొంతులనే మైకు ముందుకు తెచ్చారు. పిల్లల మాట వినాలన్న తలపు మనకు పరాయిది కాదు. వినే పద్ధతిని కసరత్తులా నేర్చుకోవడమే మనకు కొత్త.

ఇక ఆ కసరత్తు. ఎక్కువ సమయం దీనికే కేటాయిస్తాను. ఇక్కడున్న యువ కౌన్సెలర్లు రేపు పొద్దున వాడుకోవలసినది ఇదే.

గదిలోకి పిల్ల అడుగుపెట్టగానే చెప్పే మొదటి మాట ముందే సిద్ధంగా ఉండాలి. “ఇది మన ఆట గది. ఇక్కడి బొమ్మలతో నువ్వు చాలా రకాలుగా ఆడుకోవచ్చు.” ఇంతే. ‘ఎలా కావాలంటే అలా’ అనకండి, అది నిజం కాదు, కొన్ని హద్దులున్నాయి. తర్వాత మీరు కూర్చోండి, చాప మీద, పిల్ల ఎత్తులో. పిల్ల గదిలో ఎటు కదిలితే మీ ఒళ్లంతా అటు తిరగాలి. ముక్కు ఎటు తిరిగితే కాలివేళ్లూ అటే తిరగాలని ల్యాండ్రెత్ శిక్షణలో నేర్పుతారు. తల ఒక్కటే తిప్పి చేతిలో ఫోనో, నోట్‌పుస్తకమో పట్టుకుంటే పిల్లకు క్షణంలో తెలిసిపోతుంది.

మొదటి నైపుణ్యం చూస్తున్నది పైకి చెప్పడం. “దాన్ని అక్కడ పెట్టావు.” “ఇప్పుడు అన్నిటినీ వరసగా నిలబెడుతున్నావు.” “అది కింద పడిపోయింది.” వినడానికి ఎంతో సులువు. చేసి చూడండి, నాలుగో వాక్యానికి మీ నోట ప్రశ్న వస్తుంది, ఐదో వాక్యానికి పాఠం వస్తుంది. “ఇదేం రంగు?” “ఎన్ని ఆవులున్నాయో లెక్కపెట్టు.” పిల్ల పేరు పెట్టేదాకా బొమ్మకు మీరు పేరు పెట్టకూడదు. మీరు ఆవు అనుకున్నది ఆ పిల్లకు అత్త కావచ్చు. తెలుగులో కర్త లేకుండా వాక్యం హాయిగా నడుస్తుంది కాబట్టి ‘అది’, ‘అక్కడ’, ‘పెట్టావు’, ‘తోశావు’ అన్న మాటలతో నెట్టుకురావచ్చు. వాక్యం పొట్టిగా ఉండాలి. క్రికెట్ వ్యాఖ్యానంలా ఆగకుండా సాగకూడదు. పిల్ల మౌనంగా లీనమై ఉంటే మీరూ మౌనంగా ఉండండి. మీ కళ్లు అక్కడే ఉన్నాయని ఆ పిల్లకు తెలిస్తే చాలు.

రెండోది మనసులోని భావాన్ని పట్టి తిరిగి చెప్పడం. పిల్ల బొమ్మను నేలకేసి కొడుతుంది. “దాని మీద నీకు చాలా కోపంగా ఉంది.” పిల్లవాడు తలుపువైపు చూస్తూ ఉంటాడు. “అమ్మ బయటే ఉందో లేదోనని దిగులుగా ఉంది.” పొరపాటుపడతామేమో అన్న భయంతో చాలామంది కొత్త కౌన్సెలర్లు ఇక్కడ ఆగిపోతారు. తప్పయితే పిల్లలే దిద్దుతారు: “కోపం కాదు, అది దొంగ!” దిద్దనివ్వండి. పెద్దవాళ్లను దిద్దే అవకాశం వాళ్లకు ఇంకెక్కడా దొరకదు. చేయకూడనిది ఇంకొకటి ఉంది. పిల్ల ఏడుపును వెంటనే ఆర్పేయడం. “ఏం కాదులే, నా బంగారం, ఏడవకూడదు” అని మన అవ్వలందరూ ప్రేమతోనే అంటారు. ఆ పిల్లకు మాత్రం ఏడవడం తప్పన్న పాఠం అందుతుంది. “చాలా బాధగా ఉంది” అని ఊరికే పక్కన ఉండడం అవ్వ మాటకన్నా మొరటుగా వినిపిస్తుంది, నాకు తెలుసు. అయినా అదే చేయండి.

మూడోది నిర్ణయాన్ని పిల్ల చేతిలోనే ఉంచడం. డబ్బా మూత రావడం లేదు, “తీసిపెట్టక్కా” అని తెస్తుంది. తను తీయగలిగినదైతే, “ఎలా తీయాలో చూద్దాం, నువ్వు మొదలుపెట్టు” అనండి. నిజంగా చేతకానిదైతే కలిసి తీయండి. పరీక్ష పెట్టకండి. “ఏనుగుకు ఏ రంగు వేయాలి?” అని అడిగితే, “ఇక్కడ నువ్వే తేల్చుకోవచ్చు.” మొదటి రెండు వారాలు కొందరు పిల్లలు ఈ మాటకు బిత్తరపోతారు. ఏ రంగు అడిగినా ఎవరో ఒకరు చెప్పేసే ఇంటినుంచి వచ్చారు మరి. మూడో వారానికో నాలుగో వారానికో ఏనుగు ఊదారంగులో వస్తుంది. అప్పుడు మీ నోటికి ‘శభాష్, ఎంత బాగా వేశావో’ అన్న మాట వస్తుంది. దాన్నీ ఆపండి. మెచ్చుకోలు కూడా తీర్పే. ఈరోజు బాగుందన్నవాళ్లు రేపు బాగాలేదంటారని పిల్లలకు తెలుసు. “ఎంతసేపో కూర్చుని పూర్తిగా వేశావు”, “నీకు నచ్చినట్టు వచ్చింది” అనండి. మెచ్చుకోలు బొమ్మకు మార్కులు వేస్తుంది, ఈ మాటలు పిల్ల శ్రమను చూస్తాయి. మార్కుల ఊరు మనది. పక్కింటి పిల్లతో పోల్చకుండా ఒక రోజు గడవని ఇళ్లున్నాయి. ఆ పోలిక చేరని చోటు ఒక్కటైనా ఉండాలి.

నాలుగోది హద్దు పెట్టడం. పిల్లను వదిలేస్తారట, ఏం చేసినా ఊరుకుంటారట అని ప్లే థెరపీ గురించి బయట ఒక అపోహ ఉంది. ఊరుకోరు. మనిషిని కొట్టకూడదు, తనకు దెబ్బ తగిలేలా చేసుకోకూడదు, కావాలని వస్తువులు పగలగొట్టకూడదు. పిల్లవాడు చెక్క లారీ ఎత్తి మీ మీదికి విసరబోతాడు. కంఠం పెంచకుండా మూడు మాటలు, ఈ వరసలోనే చెప్పాలి. ముందు భావం: “నీకు నా మీద చాలా కోపంగా ఉంది.” తర్వాత హద్దు: “నేనున్నది కొట్టించుకోవడానికి కాదు.” చివర దారి: “ఆ దిండును కొట్టొచ్చు.” మన అలవాటు రెండో మాటతో మొదలుపెట్టి అక్కడే ఆపేయడం. మొదటి మాట లేకపోతే పిల్లవాడికి తన కోపమే తప్పని అనిపిస్తుంది. మూడో మాట లేకపోతే ఆ కోపం పోవడానికి చోటుండదు. హద్దులన్నీ మొదటి రోజే జాబితాగా చదవనక్కర్లేదు. అవసరం వచ్చినప్పుడు చెబితే చాలు.

ఆట ముగుస్తోందని అయిదు నిమిషాల ముందే చెప్పాలి. ఇంకొక సంగతి వింటే ఇక్కడి అమ్మలు నొచ్చుకుంటారు. బొమ్మలు సర్దమని పిల్లకు చెప్పకూడదు. ఆ పిల్ల మనసులోంచి తీసి పరిచినదాన్ని తన చేత్తోనే చెరిపించడం అవుతుంది. పిల్ల వెళ్లాక మనం సర్దుకుంటాం. ఇంట్లో సర్దమని చెప్పుకోండి, అది వేరే సంగతి.

బొమ్మల గురించి అందరూ అడుగుతారు. ఖరీదైనవేవీ అక్కర్లేదు, బ్యాటరీతో తమంతట తాము ఆడేవి అసలే వద్దు. మూడు రకాలు చాలు: ఇంటిని, ఊరిని గుర్తుచేసేవి, కోపం తీర్చుకునేవి, చేతులతో ఏదైనా చేసుకునేవి. చొప్పు సామాన్లు, మన ఒంటి రంగున్న గుడ్డబొమ్మలు, తాత బొమ్మ, అవ్వ బొమ్మ, ఆటో, టౌన్ బస్సు, పోలీసు, డాక్టర్ పెట్టె, పులి, పాము, గట్టి దిండు, బంకమట్టి, రంగులు, ఇసుక తట్ట. మదురై పిల్లకు ఒక గుర్రం తప్పక ఉండాలి. చిత్తిరై ఉత్సవంలో అళగర్ స్వామి బంగారు గుర్రమెక్కి వైగై ఏటిలోకి దిగడం చూడని పిల్ల అక్కడ ఉండదు. ఆ ఉత్సవాన్ని ఇప్పుడున్న తీరులో మలిచినది తిరుమల నాయకుడని ఊరంతా చెప్పుకుంటారు. ఇసుకలో ఏరు గీసి గుర్రాన్ని దింపే పిల్లకు ఆ పండుగ జనసందోహంలో తప్పిపోయిన భయం ఉండొచ్చు, నాన్న భుజమెక్కిన సంతోషమూ ఉండొచ్చు. అదేదో మనం ముందే తేల్చకూడదు. సామానంతా ఒక గుడ్డసంచిలో పట్టాలి. ప్రతివారం అదే సంచి, అవే బొమ్మలు, అదే చోట. కొత్త బొమ్మలు తెచ్చి ఆశ్చర్యపరచడం మన సరదా తప్ప పిల్లకు అక్కర లేదు.

ఇక్కడ చీపురు పట్టే ఇళ్ల పిల్లల గురించి చెప్పాలి. కోయంబత్తూరు, మదురై నగరాల్లో పారిశుద్ధ్యపు పని చేసేవాళ్లలో అరుంధతీయులు చాలామంది. వాళ్ల ఇళ్లలోనూ తెలుగే. 2009లో తమిళనాడు ప్రభుత్వం వాళ్లకు షెడ్యూల్డు కులాల కోటాలో ప్రత్యేకంగా మూడు శాతం ఇచ్చింది. 2013 చట్టం మనిషి చేత మలం ఎత్తించడాన్ని నిషేధించింది. అయినా మురుగుగుంతల్లో దిగి చనిపోవడం ఆగలేదు. ఆ ఇంటి పిల్లవాడు ఇసుకలో లోతుగా గుంత తవ్వి, ఒక మనిషి బొమ్మను అందులోకి దించి, పైకి లాగి, మళ్లీ దించుతున్నాడనుకోండి. మన పని “కిందికి దిగాడు... పైకొచ్చాడు... మళ్లీ దిగాడు” అనడం. “అతను పైకి వస్తాడో రాడోనని భయంగా ఉంది” అనడం. “నువ్వు బాగా చదువుకుని ఆ పనినుంచి బయటపడాలి” అనడం మన పని కాదు. ఆ మాట ఎంత మంచి ఉద్దేశంతో అన్నా, వాళ్ల నాన్నను ఆ గదిలో తక్కువ చేసినట్టే.

ఇంకా కఠినమైన మాట చెప్పాలి, ఇక్కడ చాలామంది నాలాంటి ఇళ్లనుంచే వచ్చారు కాబట్టి చెప్పాలి. ఆ పిల్లవాడి తెలుగు మన ఇంటి తెలుగులా ఉండదు. ఆ యాస వినగానే మనలో ఒక పాత చెవి మేలుకుంటుంది. ఆ పిల్లవాడికి ఆ చెవి కనిపిస్తుంది. పెద్దింటివాళ్ల ముందు ఏ మాట ఎలా మింగాలో నాలుగేళ్లకే నేర్చుకుని వచ్చినవాడు. పిల్లను ఉన్నదున్నట్టు ఒప్పుకోవాలన్న ఆక్స్‌లైన్ సూత్రం చదవడానికి తియ్యగా ఉంటుంది. మన వీధుల్లో దాని పరీక్ష ఇదే. కౌన్సెలర్ తన లోపలి కులాన్ని గురించి తన పర్యవేక్షకురాలితో విడమరిచి మాట్లాడకుండా ఈ పనికి దిగకూడదని నా పట్టుదల. ఆ వీధులనుంచే కౌన్సెలర్లు రావాలన్నది అంతకన్నా పెద్ద పట్టుదల.

భాష గురించీ పెద్దలు నన్ను కోప్పడతారని తెలిసే చెబుతున్నాను. ఆట గది తెలుగు క్లాసు కాదు. ఒకే పిల్ల వంటాట తెలుగులో ఆడుతుంది, దొంగాపోలీసు తమిళంలో ఆడుతుంది, టీచరాట ఇంగ్లీషులో ఆడుతుంది. ఏ భాషలో ఏ ఆట వస్తుందో వినండి. ఆ పిల్లకు ఎక్కడ చనువుందో, ఎక్కడ భయముందో అందులోనే తెలుస్తుంది. పిల్ల తమిళంలోకి మారితే మీరూ మారండి. తెలుగు మన అవ్వలనుంచి వచ్చిన ఆస్తి, దాన్ని నిలుపుకోవాలని నేనూ మనసారా కోరుకుంటాను. ఆ పని ఇంట్లో కథలు చెప్పి చేద్దాం. కీ. రాజనారాయణన్ 1976లో ‘గోపల్ల గ్రామం’ తమిళంలో రాసినప్పుడు అందులో మన ముసలవ్వలు వలస కథలు చెప్పుకునే తీరు తమిళ పాఠకులందరికీ చేరింది. భాష అలా బతుకుతుంది. బాధలో ఉన్న పిల్లను దిద్దితే ఆ పిల్లకు తెలుగంటేనే బెరుకు పుడుతుంది.

ఆట పదే పదే తిరిగి రావడం గురించి కూడా ఒక జాగ్రత్త. పిల్ల అదే ఆట వారం వారం ఆడుతుంటే మామూలుగా అది మంచిదే, ఏదో తేల్చుకుంటోంది. నెమ్మదిగా ఏదో ఒకటి మారుతుంది: మునిగిన బొమ్మను ఒక రోజు ఎవరో పైకి తీస్తారు. అలా మారకుండా, సంతోషం లేకుండా, గడ్డకట్టినట్టు అదే తిరుగుతూ, ఆట తర్వాత పిల్ల ఇంకా బెదిరిపోయి ఉంటే సంగతి వేరు. 1976లో కాలిఫోర్నియాలోని చౌచిల్లాలో బడి బస్సులో వెళ్తున్న 26 మంది పిల్లల్ని ఎత్తుకుపోయి భూమిలో పూడ్చారు. పిల్లలు తప్పించుకుని బయటపడ్డారు. లెనోర్ టెర్ అనే మనోవైద్యురాలు ఆ పిల్లల్ని ఏళ్లపాటు కలిసి ఈ తేడా రాశారు. అలాంటి ఆట కనిపిస్తే కౌన్సెలర్ ఒంటరిగా మోయకూడదు, మనోవైద్యుల సలహా తీసుకోవాలి. మాట రాని పిల్లకు ముందు చెవి పరీక్ష, చదువు ఎక్కని పిల్లకు కంటి పరీక్ష, చదివే తీరు పరీక్ష చేయించకుండా ఆట గదిలో నెలలు గడిపేయడమూ తప్పే.

ఫలితాలేమిటని ధర్మకర్తలు అడగడం న్యాయం. 2005లో బ్రాటన్ అనే పరిశోధకురాలి బృందం ప్లే థెరపీ మీది 93 అధ్యయనాలను కలిపి లెక్కకట్టింది. వైద్యం అందిన పిల్లలు, అందనివాళ్లకన్నా స్పష్టంగా మెరుగుపడ్డారు, తేడా 0.80 ప్రామాణిక విచలనాలు. ఆ అధ్యయనాల్లో చాలా చిన్నవి, ఎక్కువ భాగం అమెరికావి, కాబట్టి ఆ అంకెను ఉన్నదున్నట్టు ఇక్కడికి దించుకోలేం. నాకు అందులో ఆసక్తి కలిగించినది వేరే. కౌన్సెలర్లకన్నా, శిక్షణ పొందిన తల్లిదండ్రులు ఆడించినప్పుడే ఫలితం ఎక్కువ కనిపించింది. 1964లోనే బెర్నార్డ్ గర్నీ ఈ దారి వేశారు. ల్యాండ్రెత్, బ్రాటన్ దాన్ని పది వారాల శిక్షణగా మలిచి 2006లో పుస్తకంగా తెచ్చారు. వారానికి ఒక్క అరగంట, ఒక్క బిడ్డతో, ఒక్క పెద్దమనిషి, ఫోను పక్కన పెట్టి, ఇప్పటిదాకా చెప్పిన నాలుగు నైపుణ్యాలతో. మిల్లుకు షిఫ్టులో వెళ్లే అమ్మకు అరగంట దొరకకపోతే అవ్వకు నేర్పుదాం. అవ్వలకు ఆడడం వచ్చు. దిద్దడం ఆపడమే నేర్పాలి. తాతలకూ నేర్పుదాం. ఏడ్చే మనవణ్ణి “మొగపిల్లవాడివి” అని గదమాయించడం మానితే, వాళ్లు చాలా మెత్తని మనుషులు.

చట్టం మాట చెప్పకుండా దిగిపోలేను. పోక్సో చట్టం 2012 నుంచి ఉంది. పిల్ల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవాళ్లెవరైనా పోలీసులకు తెలియజేయాలని 19వ సెక్షన్ చెబుతుంది. తెలియజేయకపోతే 21వ సెక్షన్ కింద శిక్ష ఉంది. మన వీధుల్లో అందరూ చుట్టాలే. పరువు పోతుంది, మనలో మనం చూసుకుందాం అనే పెద్దలు వస్తారు. కౌన్సెలర్ మొదటిరోజే అమ్మానాన్నలకు, పిల్లకు అర్థమయ్యే మాటల్లో చెప్పాలి: ఇక్కడి ఆట ఇక్కడే ఉంటుంది, నీకు ఎవరైనా హాని చేస్తున్నారని తెలిస్తే మాత్రం నిన్ను కాపాడేవాళ్లకు చెబుతాను. పిల్లల సహాయానికి పిలిచే 1098 నంబరు గోడమీద ఉండాలి. అంతే గట్టిగా రెండోవైపు కూడా చెప్పాలి. ఆట ఒక్కటే నేరానికి రుజువు కాదు. 1983లో కాలిఫోర్నియాలో మెక్‌మార్టిన్ బడి కేసులో పిల్లల్ని బొమ్మలు పెట్టి, ఒత్తిడి చేసి, జవాబు అందించే ప్రశ్నలు అడిగారు. ఏళ్ల తరబడి విచారణ నడిచి 1990లో ఒక్క శిక్షా పడకుండా ముగిసింది. నిజంగా ఏమైందో ఎవరూ తేల్చలేని పరిస్థితి మిగిలింది. పిల్ల చెప్పిన మాటను చెప్పినట్టే రాసుకోండి, తేదీ వేయండి, చేరవలసిన చోటికి చేర్చండి. విచారణ మీరు చేయకండి.

చివరిగా ఈ ధర్మనిధి గురించి నా విన్నపం. 1976లో డాక్టర్ వెంకటస్వామి మదురైలో అరవింద్ కంటి ఆసుపత్రిని 11 పడకలతో మొదలుపెట్టారు. అది అంత పెద్దదవడానికి ఒక కారణం, పల్లెల్లో చదువుకున్న అమ్మాయిలను తెచ్చి, కంటి పరీక్షకు సంబంధించిన పనుల్లో చేతికి పని వచ్చేదాకా శిక్షణ ఇవ్వడం. పిల్లల మనసుకూ అలాంటి పని చేయవచ్చు. డిగ్రీలు ఉన్నవాళ్ల కొరత తీరేదాకా ఆగితే ఇప్పుడున్న పిల్లలు పెద్దవాళ్లయిపోతారు. ఈ కోయంబత్తూరులో పీయస్‌జీ, అవినాశిలింగం విద్యాసంస్థలున్నాయి, మదురైలో కాలేజీలున్నాయి. అక్కడ పిల్లల వికాసం, సోషల్ వర్క్ చదివిన అమ్మాయిలను, అన్ని వీధులనుంచీ, తప్పకుండా అరుంధతీయ వీధులనుంచి కూడా ఎంచుకుందాం. నిధినుంచి వచ్చే వడ్డీని శాలువలకు, పూలదండలకు ఖర్చుపెట్టడం మాని, వాళ్ల పర్యవేక్షకురాలి జీతానికి పెడదాం. ఈ విద్య పుస్తకంతో రాదు. తల్లిదండ్రుల అనుమతితో తీసిన తమ ఆట వీడియోను అనుభవజ్ఞురాలి పక్కన కూర్చుని చూసి, “ఇక్కడ ప్రశ్న అడిగావు, ఇక్కడ పిల్ల ఆగిపోయింది” అని చెప్పించుకుంటేనే వస్తుంది. వారానికొక గంట అలా కూర్చోని కౌన్సెలర్‌కు పిల్లల్ని అప్పగించవద్దు. గదులకు కొరత లేదు. ముహూర్తాలు లేని రోజుల్లో మన కల్యాణమండపాల్లో గదులు తాళాలు వేసి ఉంటాయి. ఆ తాళం చెవుల్లో ఒక్కటి, మంగళవారం నుంచి శుక్రవారం దాకా, సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా, ఏ వీధి పిల్ల వచ్చినా తెరవాలన్న షరతు మీద ఇస్తే, చాపలు, సంచులు నేను సమకూరుస్తాను. ఎవరి మండపమో ఈ సభ ముగిసేలోపే తేల్చమని ధర్మకర్తలను కోరుతున్నాను.